పీఎక్స్625 బదులు ఏది: జింక్-ఎయిర్ సెల్లా, డయోడ్ వేసిన సిల్వర్ సెల్లా?

కర్నూలు_కెనొనెట్:
కెనొనెట్ క్యూఎల్17 జీ-3, మినోల్టా ఎస్ఆర్‌టీ-101, ఒలింపస్ ఓఎం-1, ఈ పాత ఫిల్మ్ కెమెరాలు మూడింటి లైట్ మీటరూ (వెలుతురు కొలిచేది) 1.35 వోల్టుల పీఎక్స్625 మెర్క్యురీ సెల్‌ని నమ్ముకొని చేసిందే. ఆ సెల్ ఇప్పుడు తయారు కావడం లేదు. చెవి మిషన్‌కి వేసే 675 జింక్-ఎయిర్ సెల్లే దానికి సరైన బదులని నా వాదన. వోల్టేజీ సుమారు 1.4, చివరిదాకా దాదాపు నిలకడ. సెల్ రంధ్రాల మీది స్టిక్కర్ తీశాక ఐదు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి. కెమెరాని విప్పే పనే లేదు.

అనంత_ఎస్ఆర్‌టీ:
వోల్టేజీ మాటలో పేచీ లేదన్నా. పేచీ మన ఊరి గాలితోనే. జింక్-ఎయిర్ లోపలి తేమ ఆ రంధ్రాల్లోంచే ఆరిపోతుంది. అనంతపురం మే నెల పొడిగాలిలో స్టిక్కర్ తీసిన సెల్ వాడినా వాడకపోయినా చచ్చిపోతుంది. మీటర్ లాగేది మైక్రోఆంపియర్లే కాబట్టి సెల్ కెపాసిటీ ఎంతున్నా ప్రయోజనం లేదు. ఎస్ఆర్44 సిల్వర్ సెల్‌కి ఆ బాధ లేదు. 1.55 వోల్టులు నిలకడగా ఇచ్చి, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్కువైన 0.2 వోల్టులు తగ్గించడానికి బీఏటీ43 షాట్కీ డయోడ్ (కరెంటుని ఒకే దిక్కుకు పోనిచ్చి, కాస్త వోల్టేజీ తగ్గించే చిన్న భాగం) ఒకటి చాలు. అడుగు ప్లేటు విప్పి, సెల్ మైనస్ నుంచి వచ్చే వైరు మధ్యలో, గీత ఉన్న కొన సెల్ వైపు వచ్చేలా సోల్డర్ చేయాలి. తిప్పి వేస్తే మీటర్ ముల్లు కదలదు, అంతే తేడా. 1ఎన్5817 డయోడ్ మాత్రం వద్దు, ఇంత చిన్న కరెంటుకి అది తగ్గించేది చాలదు.

కడప_నెగటివ్:
డయోడ్ తగ్గించేది ఎప్పుడూ 0.2 కాదప్పా. కరెంటుతో మారుతుంది. ఎండలో సీడీఎస్ సెల్ (మీటర్‌లో వెలుతురు పట్టే భాగం) రెసిస్టెన్స్ తగ్గి కరెంటు పెరుగుతుంది, డ్రాప్ (డయోడ్ తగ్గించే వోల్టేజీ) బాగుంటుంది. గండికోట జుమ్మా మసీదు లోపలి నీడలోకి పోతే కరెంటు పడిపోతుంది, డ్రాప్ కూడా తగ్గుతుంది. అంటే మీటర్ తప్పు చెప్పకూడని చీకట్లోనే వోల్టేజీ మళ్లీ ఎక్కువ. ఎక్కువ వోల్టేజీకి ముల్లు ఎక్కువ లేచి వెలుతురు ఎక్కువుందని చెప్తుంది, ఫోటో అండర్ అవుతుంది, అంటే ఫిల్మ్‌కి వెలుతురు చాలదు. నెగటివ్ ఫిల్మ్ రెండు స్టాపుల ఓవర్‌ని (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపో సగమో) ఓర్చుకుంటుంది గానీ, ఒక స్టాపు అండర్ అయితే నీడల్లో వివరం పోయినట్టే.

కొత్త_రోల్:
మరి ఎల్ఆర్44 ఆల్కలైన్ సెల్ వేసి ఏఎస్ఏ (మీటర్‌కి చెప్పే ఫిల్మ్ స్పీడు) తగ్గిస్తే సరిపోదా సార్? 400 ఫిల్మ్‌కి 250 పెడితే?

కడప_నెగటివ్:
ఆల్కలైన్ 1.5లో మొదలై వాడేకొద్దీ జారిపోతుంది. ఈ రోల్‌కి సరిపోయిన 250 వచ్చే రోల్‌కి తప్పు అవుతుంది. పైగా కారితే కాంటాక్టుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. దాన్ని తెల్ల వెనిగర్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి.

ఏఎస్ఏ మార్పు నప్పుతుందో లేదో ఇట్ల చూడు. సున్నం కొట్టిన గోడని ఎండలో, నీడలో, గదిలో మూడుసార్లు మీటర్ చేసి, ప్రతిసారీ ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌తో పోల్చు. మూడుచోట్లా తేడా ఒకటే అయితే ఏఎస్ఏ మార్చుకోవచ్చు. ఎండలో అర స్టాపు, గదిలో స్టాపున్నర వస్తే డయల్ తిప్పి లాభం లేదు.

అనంత_ఎస్ఆర్‌టీ:
డ్రాప్ మారడం నిజమే, ఒప్పుకుంటా. అయినా మామూలు పగటి వెలుతురులో డయోడ్ తేడా నెగటివ్ ఫిల్మ్‌ని చెడగొట్టేంత కాదు. చిన్న తేడాని కూడా ఓర్చని స్లైడ్ ఫిల్మ్ వేసేవాళ్లకు మాత్రం మీ మాటే సరి. ఒకటి మరవద్దు: ఎస్ఆర్‌టీలో అడుగు స్విచ్ ఆఫ్ చేయకుంటే మీటర్ ఆగదు.

కర్నూలు_కెనొనెట్:
జింక్-ఎయిర్ ఆరిపోవడానికి విరుగుడు ఉంది. నాలుగు రంధ్రాలుంటే మూడింటి మీద టేపు వేయండి. మీటర్‌కి ఒక రంధ్రం గాలే ఎక్కువ. ఆయుష్షు పెరుగుతుంది, అయినా రెండు మూడు నెలలకు మించి ఆశించవద్దు.

కొత్త_రోల్:
రెండు సెల్లూ 11.6 మి.మీ. వెడల్పే, పాతది 15.6. గూట్లో కదలవా?

కర్నూలు_కెనొనెట్:
బోరు మోటార్ల రిపేరు షాపులో 2 మి.మీ. మందం ఓ-రింగు అడగండి, సెల్ చుట్టూ బిగిస్తే మధ్యలో నిలుస్తుంది. ఎత్తులో అర మిల్లీమీటరు పైన తక్కువ పడుతుంది, అల్యూమినియం ఫాయిల్ మడిచి పెట్టండి, అంచుకు తగలనీయకండి. ప్లస్ కాంటాక్టు గూటి పక్క గోడ మీద ఉండే కెమెరాలో రబ్బరు పనికిరాదు, లోహపు అడాప్టరే కావాలి.

కడప_నెగటివ్:
పెంటాక్స్ స్పాట్‌మ్యాటిక్ వాళ్లు ఈ గొడవలో తల దూర్చనక్కర్లేదు. దాని మీటర్ బ్రిడ్జ్ సర్క్యూట్ (సెల్ వోల్టేజీ మారినా లెక్క మారనిది), 1.55 ఇచ్చినా సరిగ్గానే చూపిస్తుంది.