అప్‌డేట్: కుడి స్పీకర్ ప్యానెల్ గరగర ఆగింది

కుడివైపు ప్లేనర్ ప్యానెల్ (పల్చటి ఫిల్మ్, దానికి అంటించిన తీగ, అయస్కాంతాలతో మోగే బల్లపరుపు స్పీకర్) బేస్ నోట్ల దగ్గర గరగరమంటోందని అడిగాను కదా, కారణం దొరికింది. ఎడమ, కుడి కేబుళ్లు అటుదిటు ఇటుదటు మార్చినా చప్పుడు అదే ప్యానెల్‌లో ఉంది, అంటే యాంప్లిఫయర్ బాగానే ఉంది. మల్టీమీటర్‌లో రెండింటికీ ఓమ్‌లు ఒకేలా వచ్చాయి, కాబట్టి తీగ తెగలేదు. అడుగున పిన్నులు పీకి గుడ్డ పైకెత్తి, 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా సైన్ టోన్ (ఒకే స్వచ్ఛమైన స్వరం) చిన్న సౌండ్‌లో పెడితే బయటపడింది: మైలార్ (పల్చటి ప్లాస్టిక్) ఫిల్మ్ మీద తీగ, జిగురు వదిలి లేచింది. పడమటి కిటికీ ఎండ సూటిగా పడే చోటు అది. కడప ఎండలకు పాత జిగురు నిలవదు.

పాత జిగురు పొడిని మెత్తటి కుంచెతో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కూడా సాగే జిగురును పల్చగా పూయాలి. మందంగా పూస్తే ఫిల్మ్ బరువెక్కి ట్రెబుల్ తగ్గుతుంది. సూపర్ గ్లూ వద్దే వద్దు, గట్టిపడి కదలికకు పగులుతుంది. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి తేవద్దు. లోపలి అయస్కాంతాలు దాన్ని లాగేసుకుంటే ఫిల్మ్ చిరుగుతుంది. ఒక రోజంతా ఆరాకే పాట.

ఈ ప్యానెళ్లు ముందుకూ వెనక్కూ మోగుతాయి, వెనక తరంగం ఎదురు ఫేజ్‌లో ఉంటుంది, అంటే ముందుది గాలిని నెట్టినప్పుడు వెనకది లాగుతుంది. గోడ మరీ దగ్గరైతే అది తిరిగొచ్చి ముందు శబ్దాన్ని చెడగొడుతుంది. అందుకే వెనక గోడకు కనీసం 3 అడుగులు వదలాలి. కడప బండల నేల మీద ట్రెబుల్ గుచ్చుకుంటే ముందు మందపాటి జంపఖానా పరవండి. అప్పటికీ తగ్గకపోతే ట్వీటర్‌కు (ట్రెబుల్ మోగించే భాగం) సిరీస్‌లో 1 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్.