మిడుకుటా, మిడుగుటా? (రిక్రూటర్ ఫోన్ తెచ్చిన తంటా)

సగంపద్యం: ఇవాళ మేనేజర్ నా కుర్చీ పక్కనే నిలబడి షీట్‌లో ఏదో తప్పు చూపిస్తున్నారు. బల్ల మీద ఫోన్ వణికింది. తెలియని నంబర్. అలవాటుకొద్దీ ఎత్తాను. "జాబ్ మారే ఆలోచన ఉందాండీ?" అని అవతలి గొంతు. స్పీకర్ పెట్టకపోయినా పక్కవాళ్ళకి వినపడేంత గట్టిగా. "లోన్ వద్దండీ" అని పెట్టేశాను. పాపం ఆవిడ మళ్ళీ చేసింది. మళ్ళీ లోన్ వద్దన్నాను. మూడోసారికి మేనేజరే "ఏ బ్యాంకు? నాక్కావాలి, నంబర్ ఇవ్వు" అన్నారు. అప్పట్నుంచీ ఒక సుమతి పద్యం బుర్రలో గిర్రున తిరుగుతోంది. అదే, జీతమివ్వని దొరను కొలిచేకంటే ఎద్దుల్ని కట్టి మడి దున్నుకోవడం మేలనే పద్యం. "మిడిమేలపు దొరను గొల్చి మిడు..." దగ్గర ఆగిపోతున్నాను. మిడుకుటా, మిడుగుటా?

కందంమాస్టారు: ఛందస్సు ఇక్కడ సాయం రాదు. రెండూ నాలుగు లఘువులే. యతి మి-మి, రెండిటికీ చెల్లుతుంది. ఆ మాటకొస్తే "గొల్చి" అన్నా "గొలిచి" అన్నా ఆరో గణానికి ఢోకా లేదు. ఒకటి జగణం, ఒకటి నలం, కందంలో అక్కడ రెండూ చెల్లుతాయి. అర్థంతోనే తేల్చాలి. మిడుకు అంటే లోలోపల బాధపడటం. కాబట్టి "కు".

పాతఅచ్చు: మాకు బళ్ళో అప్పజెప్పించింది "గు"నండీ. బెత్తం దెబ్బతో వచ్చిన అక్షరం, మర్చిపోలేను.

కందంమాస్టారు: బెత్తం ప్రమాణం కాదు.

మిణుగురు: మిడుగురు అంటే మిణుగురే కదా. అందుకని "మిడుగుట"ను మిణుకు మిణుకుమనడంగా ఎందుకు తీసుకోకూడదు? సైలెంట్‌లో పెట్టి బోర్లా తిప్పిన ఫోన్ చూడండి. అంచుల్లోంచి వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దొర ముందు మనమూ అంతే.

కందంమాస్టారు: ఊహ బాగుంది. నిఘంటువులో చోటు దొరకదు.

రాత్రిడ్యూటీ: కు, గు సంగతి పక్కన పెట్టండి. నాకు మొదటి పాదమే అర్థం కాదు. "అడిగిన జీతంబియ్యని" అంటే మనం అడిగినంత ఇవ్వనివాడా, రావాల్సింది అడిగినా ఇవ్వనివాడా? రిక్రూటర్ "ఎంత ఆశిస్తున్నారు?" అంటాడే, ఆ మొదటి అర్థంలో అయితే ప్రపంచంలో ప్రతి దొరా మిడిమేలపు దొరే.

పాతఅచ్చు: అడిగిన వరం, అడిగిన జీతం. విశేషణమే, ఇందులో సందేహమేముంది?

కందంమాస్టారు: ఉంది. "అడిగినన్" అని చేదర్థకం కూడా కావచ్చు. అడిగితే జీతం ఇవ్వనివాడు అని. ద్రుతం, అంటే చివరి "న్", పోయి "అడిగిన" మిగిలింది. తర్వాత వచ్చింది "జీ", సరళం కాబట్టి ఆనవాలు దొరకదు. అక్కడ పరుషంతో "కూలి" అని ఉండుంటే, అది "గూలి" అయిందో లేదో చూసి ఒక్క నిమిషంలో తేల్చేవాణ్ణి.

రాత్రిడ్యూటీ: మాస్టారూ, దండం. ఒక్క పరుషం లేక మా జీతం తేలలేదన్నమాట.

మిణుగురు: "మిడిమేలపు" గురించి ఎవరూ మాట్లాడరేం? అందరూ గర్వి అని రాసేస్తారు. మేలమాడటం అంటే పరిహాసం చేయడం. హైక్ అడిగితే నవ్వి భుజం తట్టే దొర అని నా పాఠం. మా దొర సరిగ్గా అంతే.

పాతఅచ్చు: మీ దొరను బట్టి అర్థం మారదండీ. సగంపద్యం గారూ, ఇంకోసారి సీట్లో ఫోన్ ఎత్తకండి. ఎత్తినా "ఇప్పుడు కుదరదు, వివరాలు మెయిల్ చేయండి, సాయంత్రం నేనే చేస్తాను" అని ఒక్క ముక్కలో ముగించండి. సొంత మెయిల్ ఇవ్వండి, దాన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరవకండి. లోన్ అబద్ధం మూడుసార్లకు పనికిరాదని మీరే చూశారు.

శ్రీనాథపక్షం: ఆలస్యంగా వచ్చాను. అందరూ "మడి దున్నుక బ్రతుకవచ్చు" అనే భరోసా మీద ఉన్నట్టున్నారు. దొరల్ని వదిలి మడి దున్నినవాడి గతేమిటో శ్రీనాథుడి చాటువు చెప్తుంది.

కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము
బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు
బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి
నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు

పంట వరద పాలు, నువ్వులూ పెసలూ పిట్టల పాలు, నెత్తిన ఏడు వందల టంకాల బాకీ. కనకాభిషేకం చేయించుకున్న కవికే ఇది. కాబట్టి ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఎద్దుల్ని కట్టకండి.

పాతఅచ్చు: ఆ పక్కనే పోతన పేరున ఉన్నదీ చెప్పాలి కదా. "కూళలకిచ్చి యప్పడుపుకూడు భుజించుట కంటె సత్కవుల్ హాలికులైన నేమి". కావ్యాన్ని కూళలకిచ్చి ఆ కూడు తినేకంటే కవులు నాగలి పట్టినా తప్పులేదని. సుమతిలో ఉన్న "కంటె"యే ఇక్కడా ఉంది. నాగలి మీద నమ్మకమంటే అది.

శ్రీనాథపక్షం: "ఐన నేమి" అనడం తేలిక. శిస్తు కట్టాల్సి వచ్చినవాడు శ్రీనాథుడు. ఆ నాలుగు పాదాల్లో ఉన్న లెక్క పోతన పద్యంలో లేదు.

పాతఅచ్చు: లెక్క కోసం పద్యం చదువుతారా ఎవరైనా?

రాత్రిడ్యూటీ: నేను చదువుతాను. నోటీసు పీరియడ్‌లో ఉన్నా.

సగంపద్యం: మళ్ళీ అదే నంబర్. ఈసారి మెట్ల మీదికొచ్చి ఎత్తాను. ఆవిడ మొదటి ప్రశ్న "ఎంత అడుగుతున్నారు?". విశేషణమో చేదర్థకమో తెలియక నీళ్ళు నమిలాను. ఇంతకీ కు నా, గు నా?

కందంమాస్టారు: అది తర్వాత చూద్దాం. శ్రీనాథపక్షం గారూ, "గొడ్డేరి"లో బండి ఱ ఉండాలి కదా? మీరు మామూలు ర వేశారు.