ఈ వారం సమస్య: ‘ఆయు వధికమైన నాపదయగు’

నిర్వాహకుడు (అనంతపురం): ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. మన మాటల్లో ఆయుష్షు ఎప్పుడూ మంచిదే. తలచుకుంటుండగానే మనిషి గడపలోకి వస్తే ‘నీకు నూరేళ్ళాయుష్షు’ అంటాం. ప్రమాదం తప్పితే ‘ఆయుష్షు గట్టిది’ అంటాం. ‘నూరేళ్ళు నిండాయి’ అంటేనే గుండె ఝల్లుమంటుంది. మరి దీర్ఘాయుష్షు ఎవరికి ఆపద? మీరే చెప్పాలి.

గుత్తి మాస్టారు:
నిదుర పోవువారి నెత్తుటం దడిపిన
ద్రోణసుతుడు నుదుట రోతపుండు
తోడ నేండ్లకొలది తుదిలేక తిరుగాడె
ఆయు వధికమైన నాపదయగు.

నిర్వాహకుడు: అశ్వత్థామ నిద్రపోతున్నవారిని చంపిన సౌప్తికపర్వం కళ్ళకు కట్టింది మాస్టారూ. ‘ద్రో–రో’ యతి బాగా పడింది. అయితే వ్యాసభారతంలో కృష్ణుడి శాపం మూడువేల ఏండ్లే. ‘తుదిలేక’ అంటే చిరంజీవుల లెక్కలోకి పోతుంది. ‘దుఃఖాన తిరుగాడె’ అంటే గణం, యతి చెడకుండా శాపం శాపంగానే నిలుస్తుంది.

కదిరి రైతు:
వాన మొగము దాచ వాడును బుడ్డలు
నూరు దినములందె నూర్పు వలయు
నెల యదనము చేన నిలిచెనా రైతన్న!
ఆయు వధికమైన నాపదయగు.

ధర్మవరం అక్క: అన్నా, బుడ్డలకైనా (వేరుశనగకైనా) ఏ పైరుకైనా మనం ‘పంటకాలం’ అంటాం గానీ ఆయువు అనం. అక్కడ కాస్త ఎగుడుదిగుడుగా ఉంది. విషయం మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 వేరుశనగ రకం దాదాపు నూరు రోజులకే చేతికొస్తుంది కాబట్టే మన మెట్టచేలల్లో అంతగా నిలబడింది. కాయ ఊరే వేళ వాన ముఖం చాటేస్తే, ఇంకో నెల చేనిలో ఉండాల్సిన పైరు గతి ఏమిటో చూసినవాళ్ళకే తెలుసు. నా పూరణ:

మనిషి కేండ్లు నూరు మనసార దీవింతు
మఱ్ఱి కేండ్లు వేయి మక్కువగను
కరువుమారి! నీకు కాదులే దీవెన
ఆయు వధికమైన నాపదయగు.

గుత్తి మాస్టారు: అమ్మా, మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ఆయువు కరువుకు ముడిపెట్టాలని నాకు తట్టనే లేదు. మఱ్ఱి అనగానే తిమ్మమ్మ మఱ్ఱిమాను గుర్తొస్తుంది. సుమారు అయిదెకరాల నీడ, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు. అంత చెట్టును పెట్టుకుని ‘మక్కువగను’ అని పాదం నింపడం ఎందుకు? ‘మాకు నీడ’ అనండి.

ధర్మవరం అక్క: ‘మఱ్ఱి కేండ్లు వేయి మాకు నీడ’. యతి కూడా కుదిరింది. అలాగే ఉంచుతాను మాస్టారూ.

నిర్వాహకుడు: నా ఓటు ఈ పద్యానికే. పూరణలకు ఆదివారం దాకా గడువుంది, కడప, కర్నూలు మిత్రుల కోసం చూస్తున్నాం.