రివర్‌లో బ్లఫ్ ఎప్పుడు ఆపాలి?

అందరికీ నమస్తే. టెక్సాస్ హోల్డెమ్ (పోకర్ పేకాటలో ఒక రకం) నేర్చుకుంటున్నాను, ఆట బాగా నచ్చింది. బ్లఫ్ దగ్గరే, అంటే మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పందెం కాయడం దగ్గరే, ఇరుక్కుపోతున్నాను, కాస్త చెప్పండి.

మొన్న నా చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. ఫ్లాప్‌లో (బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో) రెండు ఇస్పేట్లు పడ్డాయి. అక్కడ పందెం కాయడంలో నాకు అనుమానం లేదు: ఎదుటివాళ్లు ముక్కలు పడేసినా లాభమే, లేదంటే ఫ్లష్ (ఇక్కడ ఐదు ఇస్పేట్లు) పడే అవకాశం ఉంటుంది. టర్న్ (నాలుగో ముక్క) తర్వాత కూడా నాకు కనబడని 46 ముక్కల్లో 9 నాకు పనికొచ్చేవే.

రివర్‌లో, అంటే చివరిదైన ఐదో ముక్కగా, ఇస్పేటు రాలేదు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 100 చిప్స్ ఉంటే 50 కాశాను. మూడింట ఒక్కసారి అవతలివాళ్లు వదిలేసినా నష్టం రాదని లెక్క. కానీ ఆయన కాసేపు నా చేతులవైపే చూసి, ఎనిమిదుల జతతో కాల్ చేశారు, అంటే వదలకుండా నా పందేనికి సమానంగా కాశారు. గుండె జారిపోయింది.

లెక్క సరే, ఎదుటివాళ్లు అసలు వదలని రకమైతే? అలాంటప్పుడు బ్లఫ్ పూర్తిగా మానేయాలా, పందెం పెంచాలా? ఇంకోటి, ఇస్పేట్లు నా దగ్గరే ఉంటే వాళ్ల దగ్గర ఫ్లష్ తప్పిన ముక్కలు, అంటే వదిలేసే ముక్కలు, ఉండే అవకాశం తగ్గుతుంది కదా? అప్పుడు నేను బ్లఫ్‌కి ఎంచుకున్న ముక్కలే తప్పా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.