పాత ప్యాటర్న్‌లో 4 ప్లై, కొన్న ఊలు కూడా 4 ప్లై. మరి స్వెట్టర్ ఇంత వెడల్పు ఎందుకు వస్తోంది?

హన్మకొండ నుంచి:
నానమ్మ ఖాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల నాటి ఇంగ్లిష్ ప్యాటర్న్ కాగితం ఒకటి ట్రంకు పెట్టెలో దొరికింది. మడతల దగ్గర చిరిగింది కానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. చేతుల్లేని వి-మెడ స్వెట్టర్. బాపు కోసం మొదలుపెట్టాను. 4 ప్లై ఊలు 8 ఔన్సులు, సూదులు 10, 12 నంబర్లు, వీపు భాగానికి 126 కుట్లు అని రాసి ఉంది. షాపులో అడిగి 4 ప్లై అక్రిలిక్ ఊలే తెచ్చాను. నాలుగు అంగుళాలు అల్లి కొలిస్తే వెడల్పు 23 అంగుళాలు! రావాల్సింది 18. పైగా అట్టలా బిరుసుగా ఉంది. తప్పు నాదా, ఊలుదా?

మంచిర్యాల నుంచి:
తప్పు నీదీ కాదు, ఊలుదీ కాదు చెల్లె. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారో ఆ లెక్క. సన్న పోగులు నాలుగైనా 4 ప్లైయే, లావు పోగులు నాలుగైనా 4 ప్లైయే. పాత బ్రిటిష్ ప్యాటర్న్‌లలో మాత్రం 4 ప్లై అంటే ఒక మందానికి పేరు. మన దగ్గర లేబుల్ మీద 4 ప్లై అని ఉన్న ఊలు చాలాసార్లు అంతకంటే లావుగా ఉంటుంది. కాగితంలో టెన్షన్ అని ఒక లైను ఉంటుంది, చూసి చెప్పు.

హన్మకొండ నుంచి:
ఉంది అక్కా. అంగుళానికి 7 కుట్లు, 9 వరుసలు. టెన్షన్ అని చూసి, అది మనకు ఉండేదే కదా అనుకుని వదిలేశాను :) నాది కొలిస్తే అంగుళానికి ఐదున్నరే.

మంచిర్యాల నుంచి:
లెక్క అక్కడే ఉంది. 126ను 7తో భాగిస్తే 18. అదే 126ను ఐదున్నరతో భాగిస్తే 23. లావు ఊలును సన్న సూదులతో బిగించావు కాబట్టే బిరుసు. నానమ్మ అల్లిన పాత స్వెట్టర్ ఏదైనా ఉంటే స్కేలు పెట్టి, రెండు గుండుసూదులు గుచ్చి, మధ్యలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టు. అప్పటి ఊలు ఎంత సన్నమో నీకే తెలుస్తుంది.

కరీంనగర్ నుంచి:
సూదుల నంబర్లు కూడా చూసుకోండి. మన షాపుల్లో మామూలుగా దొరికేవి పాత బ్రిటిష్ లెక్క, నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 10 అంటే 3.25 మిల్లీమీటర్లు, 8 అంటే 4. అమెరికా లెక్క దీనికి తలకిందులు, అక్కడ 10 అంటే 6 మిల్లీమీటర్లు. నేను ఆన్‌లైన్‌లో 10 నంబరు తెప్పిస్తే పెన్నులంత లావు వచ్చాయి. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసి కొనండి.

వరంగల్ నుంచి:
మన దగ్గర చలి ఎన్ని రోజులమ్మా? పత్తి పండే జిల్లాలో ఉండి ఊలెందుకు, నూలు దారంతో అల్లేయండి.

మంచిర్యాల నుంచి:
అన్నా, నూలు మన కొత్తవాడ జంపఖానాలకు బాగుంటుంది. ఈ స్వెట్టర్‌కు వద్దంటాను. నూలు ఊలుకంటే బరువు, సాగితే మళ్లీ దగ్గరికి రాదు. నడుము దగ్గర పట్టి రెండు ఉతుకులకే గంటలా విచ్చుకుంటుంది. చలి మాటకొస్తే, డిసెంబరులో తెల్లవారుజామున ఒకసారి ఆదిలాబాద్ బస్సెక్కి చూడు.

చెల్లె, నీకు రెండు దారులు. ప్యాటర్న్ ముట్టుకోకుండా అల్లాలంటే సన్న ఊలు కొను. లేబుల్ మీద 100 గ్రాములకు దాదాపు 400 మీటర్లు ఉండాలి. ఔన్సు అంటే 28 గ్రాములకు కాస్త ఎక్కువ, కాబట్టి 8 ఔన్సులు దాదాపు 227 గ్రాములు. అంటే సుమారు 900 మీటర్లు. గ్రాములు కాదు, మీటర్లు చూసి కొను, ఎందుకంటే అక్రిలిక్ అసలు ఊలుకంటే తేలిక.

ఉన్న ఊలుతోనే అల్లాలంటే 8 నంబరు సూదులతో చేతి రుమాలులో సగమంత ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలిచి చెప్పు. ఉతక్కుండా కొలిస్తే లాభం లేదు.

హన్మకొండ నుంచి:
అల్లాను. ఉతికాక అంగుళానికి సరిగ్గా 5 కుట్లు, 7 వరుసలు. మెత్తగా కూడా ఉంది. పాతదంతా విప్పేశాను. ఏడుపొచ్చింది కానీ విప్పాను.

మంచిర్యాల నుంచి:
మంచిపని చేశావు. ఇప్పుడు 18 అంగుళాలకు 90 కుట్లు. కింద పట్టి రెండు సీదా, రెండు ఉల్టా కదా, దానికీ 90 సరిపోతుంది. పట్టిని 10 నంబరుతో అల్లు. చంక దగ్గర 8 కుట్లు మూయమని, అంటే సూది మీంచి దించి ముగించమని ఉంటే నువ్వు 6 మూయి. ‘ఇన్ని అంగుళాలు వచ్చేదాకా’ అన్నచోట ఏమీ మార్చకు.

ఊలు చాలుతుందా అంటే, ఒక 50 గ్రాముల ఉండ మొత్తం అయ్యేదాకా అల్లి, ఎన్ని అంగుళాల పొడవు వచ్చిందో చూడు. తక్కువ పడేలా ఉంటే ఇప్పుడే అదే డై లాట్‌లో, అంటే ఒకే విడతలో రంగు వేసినదే కొని పెట్టుకో. నెల తర్వాత వెళ్తే అదే నీలం దొరకదు.

ఆదిలాబాద్ నుంచి:
ఒక్క మాట. పాత కాగితాల్లో చివర తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయమని ఉంటుంది. అది అసలు ఊలుకు. నేను అక్రిలిక్ మీద చేశాను, పట్టి మొత్తం చచ్చిపడి పాత లుంగీలా వేలాడింది. మళ్లీ లేవలేదు.

హన్మకొండ నుంచి:
వీపు భాగం అయింది, ఉండకు 9 అంగుళాలు వచ్చింది. మొత్తం పొడవు 23, కాబట్టి ఆరు ఉండలు పడతాయి, ఏడు తెచ్చుకున్నాను. ఇప్పుడు వి-మెడ దగ్గర ఆగాను. ప్రతి 4వ వరుసలో ఒక్కో వైపు ఒక కుట్టు చొప్పున 21 సార్లు తగ్గించమని ఉంది.

మంచిర్యాల నుంచి:
21 సార్లు తగ్గిస్తే నీ లెక్కలో 84 వరుసలు, అంటే మెడ 12 అంగుళాల లోతు. బొడ్డు దాకా పోతుంది! కాగితంలో మెడ వెడల్పు 42 కుట్లు, అంటే 6 అంగుళాలు. నీకు 30. ప్రతి 4వ వరుస అన్నది అలాగే ఉంచి, 15 సార్లే తగ్గించు. 60 వరుసలవుతాయి. లోతు 9 అంగుళాలు కావాలి కాబట్టి పైన ఇంకో 3 వరుసలు మామూలుగా అల్లి భుజం మూయి. ముందు భాగాన్ని రెండుగా విడదీసేటప్పుడు సగం కుట్లను పిన్నీసుకు ఎక్కించి పెట్టుకో, జారిపోవు.