కోర్సికాలో ఫాంగో లోయ: కారు లేకుండా కుదురుతుందా?

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో అమ్మానాన్నలతో ఫ్రాన్స్‌లోని కోర్సికా దీవికి వెళ్తున్నాం, కాల్వీలో దిగుతాం. బీచ్‌ల కన్నా నాకు ఫాంగో నది లోయ మీదే మనసు. కొండల్లో పుట్టి గలేరియా దగ్గర సముద్రంలో కలిసే చిన్న నది. చుట్టూ హోల్మ్ ఓక్ అనే ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల అడవి. 1977 నుంచి యునెస్కో జీవావరణ రిజర్వు. ఎర్రరాళ్ల మధ్య మడుగులు, ఇటలీ నగరం జెనోవా ఈ దీవిని పాలించిన నాటి వంతెన ఫొటోల్లో చూశాక ఆగలేకపోతున్నాను.

నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఆ పాత వంతెన (పోంటె వెక్యు) దగ్గర రోడ్డు నుంచి నీళ్ల దాకా దిగడం కష్టమా? ఎండాకాలం చివర మడుగుల్లో నీళ్లుంటాయా? బస్సుల్ని నమ్ముకోవచ్చా, కారు అద్దెకు తీసుకోవాల్సిందేనా? ఆ ఇరుకు మలుపులంటే నాకు కాస్త టెన్షన్. లోయలోని మాన్సో ఊళ్లో శాకాహారం దొరుకుతుందా, పులిహోర కట్టుకెళ్లాలా?