గీజ్ లిపిలో పది: ఒకే గుర్తు, ఒకే కోడ్

ప్రశ్న: ఇథియోపియా క్యాలెండర్ ఒకటి చూశాను. తేదీల దగ్గర పైనా కిందా అడ్డగీతలున్న గుర్తులున్నాయి. అవి అంకెలేనా? అంకెలైతే, కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్ పట్టికలో పదికి విడిగా ఒక గుర్తు ఎందుకు? ఒకటి పక్కన సున్నా పెడితే సరిపోదా?

జవాబు: అంకెలేనండీ. కానీ పక్కన పెట్టడానికి వాళ్ల పద్ధతిలో సున్నా లేదు. ఇథియోపియా లిపి అయిన గీజ్‌లోని ఈ గుర్తులకు మూలం గ్రీకు అక్షరాలు. గ్రీకులో అయోటా అనే అక్షరం విలువ పది. అందుకే గీజ్ పది కూడా ఒక నిలువు గీతే, పైనా కిందా అడ్డగీతలతో. కొందరి ఫోన్లలో ఈ గుర్తులు ఖాళీ డబ్బాల్లా వస్తాయి కాబట్టి ఇక్కడ మాటల్లోనే చెప్తున్నాను.

ఇరవైకి వేరే గుర్తు, ముప్పైకి వేరే, ఇలా తొంభై దాకా. ఆపైన నూటికొకటి, పదివేలకొకటి. 1 నుంచి 9 వరకు ఉన్నవీ కలిపితే మొత్తం 20. ఇవన్నీ 1999లో యూనికోడ్ 3.0తో వచ్చాయి. ఆ పట్టికలో పది గుర్తు కోడ్ యు+1372.

సంఖ్య రాసే తీరు చూడండి. పదకొండంటే పది, ఒకటి. 1996 అంటే పది, తొమ్మిది, నూరు, తొంభై, ఆరు. అంటే పంతొమ్మిది వందల తొంభై ఆరు, మనం నోటితో అన్నట్టే! వాళ్ల లెక్కలో 2000వ సంవత్సరం మన 2007 సెప్టెంబర్‌లో మొదలైంది. అది రాయడానికి రెండే గుర్తులు: ఇరవై, నూరు.

ఇప్పుడు అసలు విషయం. యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒక తరగతి ఇస్తుంది. మన ౦ నుంచి ౯ వరకు దశాంశ అంకెల తరగతిలో ఉన్నాయి. గీజ్ పది ‘ఇతర సంఖ్య’ తరగతిలో ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, రాతను సంఖ్యగా మార్చే ఇంట్‌కి ౧౦ని ఇస్తే 10 వస్తుంది. గీజ్ పదిని ఇస్తే ఎర్రర్. అదే పైథాన్‌లోని యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్‌లో, గుర్తు విలువ చెప్పే న్యూమరిక్‌ని అడిగితే దాని విలువ 10.0 అని చెప్తుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇదే సరైన పని. స్థానాన్ని బట్టి విలువ మారని గుర్తును దశాంశ అంకె అంటే, ఇరవై, నూరు పక్కపక్కన కనబడగానే ప్రోగ్రాం ఏం లెక్కకడుతుంది?

ప్రశ్న: మన పాత లెక్కల్లోని కాలు, వీసం గుర్తులదీ ఇదే పరిస్థితా?

జవాబు: అదే తరగతి అండీ. 2008లో యూనికోడ్ 5.1తో తెలుగు భిన్నాల గుర్తులు ఏడు చేరాయి. అవి నాలుగుతో భాగించుకుంటూ పోయే లెక్క: ఒక వరుస గుర్తుల్లో ఒకటి అంటే కాలు, రెండు అంటే అర, మూడు అంటే ముప్పావు. రెండో వరుసలో ఒకటి అంటే వీసం, కాలులో కాలు. పది పదుల లెక్క కాదు కాబట్టి ఇవీ ‘ఇతర సంఖ్య’లే. పాత కరణాల లెక్కలు టైపు చేసేవాళ్లు ఇది తప్పకుండా గమనించాలి. ఆ గుర్తులున్న చోట మామూలు అంకెల వెతుకులాట పనిచేయదు.

ప్రశ్న: యాప్‌లో ఇథియోపియా సంవత్సరం చూపించాలి. 0 నుంచి 9 దాకా ఒక్కో అంకెనూ మార్చేస్తే చాలా?

జవాబు: వద్దండీ, సున్నా దగ్గరే ఆగిపోతారు. లోపల మామూలు సంఖ్యగా దాచి, తెరమీద చూపేటప్పుడు మార్చండి. కుడి నుంచి రెండేసి అంకెలుగా విడదీసి, ఒక్కో జతకూ పదుల గుర్తు, ఒకట్ల గుర్తు వేసి, మధ్యలో నూరు, పదివేలు వంతులవారీగా పెట్టాలి. 100కి ఒట్టి నూరు గుర్తే, ముందు ఒకటి రాయకూడదు. వెబ్ పేజీలో జాబితాకి వరుస సంఖ్యలైతే ఈ తంటా కూడా లేదు, వెబ్ పేజీల రూపం నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో ‘ఇథియోపిక్ న్యూమరిక్’ అనే కౌంటర్ పద్ధతి నిర్వచించి ఉంది.